కుట్టుమిషనుకు కొబ్బరినూనె

గడచిన శీతకాలమున మా మాట వలన నొక ఇంట జరిగిన చేటును ఈ నెల చెప్పుకొనవలసియున్నది.

మా ఆడపడుచు కాపురము బోధనులో. 1937లో స్థాపింపబడిన అచ్చటి నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా ఆమె మగనికి పని పోయినది. నాటినుండి ఆ యిల్లు చాలవఱకు ఆమె రవికలు కుట్టి తెచ్చు సొమ్ముతోనే నడచుచున్నది. మిషను పుట్టింటి వారిచ్చినది, కాలితో త్రొక్కునది. బతుకమ్మ పండుగకు మా యింటికి వచ్చినపుడు, మిషను నూనె నిండుకొన్నదని ఆమె యనగా, "కొబ్బరినూనె వేయుము, ఏదైన నూనెయే కదా" అని చెప్పితిమి. కావ్యములు చదివినంత మాత్రమున ఇనుము సంగతి తెలియదు గదా!

సంక్రాంతికి వారము ముందు ఫోను వచ్చినది. "వదినా, పొద్దుగాల చక్రం కదుల్తలేదు. పండుగకు పన్నెండు జాకెట్లియ్యాలె." బాగుచేయువాడు లోపలి భాగములన్నియు మార్చవలెనని పెద్దమొత్తము చెప్పెనట. ఆమె దానిని పాత ఇనుము క్రింద వేయుటకు సిద్ధపడినది. మఱునాడే నిజామాబాదునుండి బస్సెక్కితిమి.

మిషనును ఎండలో నుంచగా మధ్యాహ్నమునకు చక్రము తిరిగినది. సంతోషించితిమి. తెల్లవాఱుసరికి మరల బిగిసినది. అప్పుడు తట్టినది: చలికి సీసాలో గడ్డకట్టు కొబ్బరినూనె మిషనులో మాత్రము గడ్డకట్టకుండునా? పైగా దారపు నూగుతో కలిసి జిడ్డయి పేరుకొనును. వంటనూనెలు ఇంకను చెడ్డవి. అవి బంకవలె అంటుకొనును.

సూదిని, పాదమును తీసి, సూదిక్రింది పలక స్క్రూలు విప్పితిమి. బట్టను జరుపు పళ్ల సందున నూగు అట్టగట్టియున్నది. పాత పళ్ల బ్రష్షుతో దానిని ఊడ్చి, బాబిను పెట్టెను, షటిలును వెలికి తీసితిమి. తీసిన వస్తువులను తీసిన వరుసలోనే పళ్లెములో పెట్టుకొనుడు; మేమట్లు చేయక ఒక చిన్న స్క్రూకై గంటసేపు నేల తడివితిమి. పిదప నూనె రంధ్రములలో రెండేసి చుక్కలు కిరసనాయిలు వేసి చక్రము త్రిప్పగా నల్లని జిడ్డు కాఱినది. సూదితో గ్రుచ్చదగిన చీకటిని కవులు వర్ణింతురు గాని, సూదితో గీకవలసిన నూనెను ఎవరును వర్ణింపలేదు! ఆ సమయమున దీపమును, పొయ్యిని దూరముగా నుంచవలెను. కరెంటు మోటారున్న మిషనైనచో ముందుగా తీగ ఊడదీయుడు. మోటారుకు కిరసనాయిలు తగులరాదు.

అంతయు తుడిచి, కిరసనాయిలు ఆఱిన తరువాత, అంగడిలో దొరకు మిషను నూనెను రంధ్రమునకొక చుక్క చొప్పున వేసితిమి. ఎక్కువైన కొత్తబట్టపై మరకలగును. తోలుపట్టకు నూనె తగిలినచో అది జాఱును. మొదట చింకిగుడ్డపై కుట్టి చూడవలెను.

కుట్టి చూడగా బట్ట అడుగున దారము గూడుకట్టినది. బాబినుదే తప్పని ఆమె యనుకొన్నది. కాని 1846లో ఎలియాస్ హోవు అమెరికాలో పేటెంటు పొందిన నాటినుండి ఇంటిమిషను కుట్టు పై దారము, క్రింది దారము ఒకదానినొకటి పట్టుకొనుటయే. పై దారము వదులైనపుడు అడుగున గూడుకట్టును. పాదమును పైకెత్తి దారమును మరల ఎక్కించగా సరిపోయినది.

భోగినాటి రాత్రికి పదునొకండు రవికలు ముగిసినవి. పండ్రెండవది మాది. అది పండుగ వెళ్లిన మూడవనాడు వచ్చినది. కుట్టుకూలి మాత్రము ముందే పుచ్చుకొన్నది.