సెకండ్ హ్యాండ్ మీటరే కొనండి.. వెనక మూత విప్పి చూశాకే!

అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో ఉంటూ, ఐటీఐ ఎలక్ట్రీషియనో డిప్లొమానో బీటెక్ ఈఈఈనో చదివి ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఒక్క ప్రశ్న. మీకు సొంత మల్టీమీటరు ఉందా? ల్యాబ్‌లో నలుగురికి ఒకటి ఇచ్చేది కాదు, మీ సొంతది. కత్తెర లేని దర్జీకి ఎవరు పనిస్తారు చెప్పండి?

'ఉందండీ' అనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు బుల్లి మీటరే. టార్చి బ్యాటరీ చూడ్డానికి, చిన్న సర్క్యూటు బోర్డులకు అది భేషుగ్గా సరిపోతుంది. కానీ దాని మీద 10 ఆంపియర్ల జాక్ పక్కన 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసి ఉంటుంది, ఎప్పుడైనా చదివారా? అంటే ఆ దారిలో ఫ్యూజు లేదు. ప్రోబు అందులో ఉండగానే మర్చిపోయి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే నేరుగా షార్ట్ సర్క్యూటే. మీటరు చేతిలోనే పేలొచ్చు.

మన ప్రాంతంలో కరెంటు పని అంటే ఇళ్ల వైరింగు ఒక్కటే కాదు కదా. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు, మోటార్లు ఉంటాయి. త్రీఫేజు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు. కాళ్ల కింద తడి గట్టు, పక్కనే ఉప్పునీళ్లు. అక్కడికి ఆ పసుపు మీటరు పట్టుకెళ్లడం ప్రాణంతో ఆటే. కటువుగా ఉన్నా ఇది చెప్పాల్సిన మాట.

మంచి కంపెనీ మీటరు కొత్తదైతే వేలల్లో ఉంటుంది. ఉద్యోగం లేకుండా అంత ఎక్కడ తెస్తారు? అందుకే సెకండ్ హ్యాండ్ అంటున్నాను. ఫ్లూక్, మెకో, రిషభ్ లాంటి వాటిలో మధ్యరకం మీటరు సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పని మానేసిన టీవీ మెకానిక్కుల్ని, కాంట్రాక్టర్లని అడగండి. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై వెళ్తే రిచీ స్ట్రీట్ ఒకసారి తిరిగి రండి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి మాత్రం డబ్బులు పంపొద్దు.

చేతిలోకి తీసుకోగానే జాక్‌ల దగ్గర 'క్యాట్ 3, 600 వోల్ట్స్' అని గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందేమో చూడండి. మోటారు స్టార్టర్లు, డిస్ట్రిబ్యూషన్ బోర్డుల మీద పనిచేయాలంటే కనీసం అది ఉండాలి. తర్వాత ప్రోబులు రెండూ పీకేసి వెనక మూత విప్పించండి. 'మీటరు కొంటావా బాబూ, పోస్ట్‌మార్టం చేస్తావా' అని అమ్మేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. అసలు విషయమంతా అక్కడే ఉంది. మంచి మీటర్లలో ఫ్యూజు పింగాణీ గొట్టంలా ఉంటుంది, లోపల ఇసుక నింపి ఉంటుంది. తప్పు జరిగినప్పుడు లేచే మంటను ఆ ఇసుకే ఆర్పేస్తుంది. దాని బదులు మామూలు గాజు ఫ్యూజు కనిపిస్తే, ముందు వాడినాయన చవగ్గా కానిచ్చేశాడన్నమాట. అసలు ఫ్యూజు ఒక్కోటి వందల్లో ఉంటుంది కాబట్టి ఆ మేరకు ధర తగ్గించమనండి. రేకు చుట్టి గానీ తీగ కట్టి గానీ ఉంటే బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. బ్యాటరీ గదిలో తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉన్నా ఆలోచించుకోండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాడిన మీటరుకు అది లోపలి దాకా పాకి ఉండొచ్చు.

వెళ్లేటప్పుడు జేబులో ఒక కొత్త పెన్సిల్ సెల్, ఒక శాతం తేడా ఉండే 10 కిలో ఓమ్స్ రెసిస్టరు వేసుకెళ్లండి. సెల్ 1.5కి పైన చూపించాలి, రెసిస్టరు 9.9కీ 10.1కీ మధ్య, మహా అయితే ఇంకో పిసరు అటూ ఇటూగా రావాలి. ఓమ్స్‌లో పెట్టి ప్రోబులు రెండూ కలిపి వైర్లు ఊపండి. అంకె ఎగిరెగిరి పడితే వైరు లోపల తెగింది. ప్రోబులు ఎలాగూ కొత్తవి కొనుక్కోవాల్సిందే, అక్కడ పిసినారితనం వద్దు. ఫ్యూజు బతికుందో లేదో తెలియాలంటే ఎర్ర ప్రోబును ఓమ్స్ జాక్‌లోనే ఉంచి, దాని మొనను ఆంపియర్ల జాక్‌లో ముట్టించండి. 'ఓఎల్' అని వస్తే పోయినట్టే. 'ట్రూ ఆర్ఎంఎస్' అని రాసి ఉన్నది దొరికితే వంద రెండొందలు ఎక్కువైనా తీసుకోండి. చవక ఇన్వర్టర్ల మీద మామూలు మీటర్లు తప్పు లెక్క చూపిస్తాయి.

కొన్నాక రోజూ వాడండి. లైన్ చచ్చిందో లేదో చూసే ముందు కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పనిచేస్తోందని చూడాలి, తర్వాత అసలు లైన్ చూడాలి, మళ్లీ మొదటి చోటికి వెళ్లి చూడాలి. మధ్యలో మీటరే చచ్చిపోయి ఉండొచ్చుగా!

రేపు ఇంటర్వ్యూలో 'స్విచ్ ఆపిన తీగలో మీటరు 80 వోల్టులు చూపిస్తోంది, ఎందుకు?' అని అడిగారనుకోండి. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్స్ దాకా ఉంటుంది కాబట్టి, పక్క తీగ నుంచి దూకిన దొంగ వోల్టేజీని కూడా అది నిజంలా చూపిస్తుంది. చిన్న లోడు తగిలిస్తే ఆ అంకె కుప్పకూలుతుంది. గైడులో చదివినవాళ్లు ఇంతవరకూ చెప్పగలరు. 'ఎలా తేల్చుకున్నావు, చేసి చూపించు' అని మీటరు చేతికిచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. తాటిపాక ఓఎన్‌జీసీ రిఫైనరీ లాంటి చోట గ్యాసు ఉండే ఏరియాలోకి మీ మామూలు మీటరును రానివ్వరు, అక్కడ వాడేవి వేరు. డయల్ తిప్పే చేతులు మాత్రం మీవే.