ఒకే ‘పేశి’, మూడు అర్థాలు

సైన్సులో టిష్యూల పాఠం వచ్చినప్పుడు మన పిల్లల్లో చాలామంది ఆ మాట దగ్గర ఆగరు. నిర్వచనం బట్టీ పట్టి ముందుకు పోతారు. అక్కడ కాసేపు ఆగాలని మేము అంటాం. జోల్వాలో చదివేవాళ్లు మరీ ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ఎటు చూసినా బట్టల మిల్లులే, ‘టిష్యూ’ కూడా మగ్గం నుంచి వచ్చిన మాటే. ఫ్రెంచిలో దానికి ‘నేసినది’ అని అర్థం.

1800 ప్రాంతంలో బిషా అనే ఫ్రెంచి వైద్యుడు సూక్ష్మదర్శిని వాడకుండానే మన అవయవాలన్నీ 21 రకాల నేతలతో తయారయ్యాయని చెప్పాడు. జంతువుల శరీరమూ కణాలతోనే కట్టబడిందని ష్వాన్ ప్రకటించింది 1839లో. అంటే బట్ట ముందు తెలిసింది, నూలుపోగు తర్వాత తెలిసింది! హిందీ పుస్తకంలోని ‘ఊతక్’ కూడా ఈ కోవదే. సంస్కృతంలో ‘ఊత’ అంటే నేసిన అని. మనం ‘కణజాలం’ అంటాం. జాలం అంటే వల, అదీ అల్లికే.

గుండెనే చూడండి. గోడలు కండర కణజాలం, లోపలి పల్చని పొర ఉపకళా కణజాలం, కవాటాలకు బలమిచ్చేది సంయోజక కణజాలం, వేగాన్ని పెంచి తగ్గించేది నాడీ కణజాలం. నాలుగూ కలిస్తేనే అది అవయవం. రక్తనాళాలు, రక్తం తోడైతే ప్రసరణ వ్యవస్థ. అయితే చార్టులో గీసినంత శుభ్రంగా శరీరం మెట్లు మెట్లుగా ఉండదు. ఎర్ర రక్తకణాలు పుట్టేది ఎముక మజ్జలో, ఆక్సిజన్ నింపుకొనేది ఊపిరితిత్తుల్లో. వాటి ఆయుష్షు దాదాపు 120 రోజులు. పోగులు రోజూ మారుతున్నా బట్ట నిలిచే ఉంటుంది. ఆ పని ఏ మగ్గమూ చేయలేదు.

ఇక బదిలీల మీద తిరిగే మనకు వచ్చే చిక్కు వేరు. ‘పేశి’ మరాఠీలో కణం, గుజరాతీలో కణజాలం, హిందీలో ‘మాంసపేశి’ అంటే కండరం. ఊరు మారితే ఒకే మాట ఒక మెట్టు ఎక్కుతుంది! ‘స్నాయు’ గుజరాతీలో కండరం, హిందీ సైన్సు పుస్తకంలో ఎముకను ఎముకతో కలిపే కట్టు. మన ‘కండరం’లాగే వినిపించే హిందీ ‘కండరా’ అసలు కండరమే కాదు, దాన్ని ఎముకకు అతికించే తాడు.

ఇది మార్కుల సంగతి మాత్రమే అయితే మేము ఇంత రాసేవాళ్లం కాదు. ఆసుపత్రిలో గుజరాతీ డాక్టరుగారికీ తెలుగు తప్ప మరో భాష రాని నానమ్మకూ మధ్య నిలబడి మాట చేరవేసేది చాలాసార్లు మీరే. సూరత్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంటున్న తెలంగాణ నేత కుటుంబాల పిల్లలకూ ఈ పని తప్పదు. డాక్టరుగారు ‘స్నాయు’ పట్టేసిందంటే, హిందీ పుస్తకం చదివినవాడు కీలు దగ్గర కట్టు దెబ్బతిందని చెబుతాడు. నానమ్మ ఆ రాత్రి నిద్రపోదు.

“ఇంగ్లీషు మాట ఒక్కటి చాలదా మాస్టారూ?” అని అడుగుతారు. పరీక్షకు చాలు. కానీ నానమ్మకు ‘లిగమెంట్’ అంటే ఏం తెలుస్తుంది? ఇంట్లో వాడే భాషలో చెప్పలేని పాఠం సగమే వచ్చినట్టని మా అభిప్రాయం.

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. కణం, కణజాలం, అవయవం, వ్యవస్థ, వీటికి ఇంగ్లీషు, హిందీ, తెలుగు మాటలు, పక్కన ఇప్పుడున్న ఊరి మాట రాయండి. పక్కింటి గుజరాతీ నేస్తాన్ని అడిగితే సంతోషంగా చెబుతాడు. వచ్చే బదిలీకి సామాను సర్దేటప్పుడు ఆ పుస్తకాన్ని మాత్రం పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి.