ఖైరాత్ కాదు, అది హక్

మా ఖాలా కొడుకు కుడిచేతికి మూడు వేళ్లు లేవు. హైదరాబాద్ శివారులో ఒక షెడ్డులో ప్రెస్ మిషన్ మీద పని చేసేవాడు. నెలకు 15 వేలు. మూడేళ్ల కింద, రంజాన్ ముందు ఆర్డర్లు ఎక్కువై, రాత్రి పది దాటినా పని ఆపలేదు. నిద్ర కళ్లతో రేకు సర్దుతుంటే మిషన్ చేతి మీద పడింది.

సేఠ్ పరుగున వచ్చాడు. దవాఖానాలో చేర్పించి బిల్లు కట్టాడు. డిశ్చార్జి రోజు 20 వేలు చేతిలో పెట్టి, ఒక స్టాంపు కాగితం మీద ఎడమచేతి అంగూఠా వేయించుకున్నాడు. "సబర్ కర్ బేటా, తఖ్దీర్" అన్నాడు. ఖాలా ఆయనకు దువాలిచ్చింది. పక్కనున్న నేనూ "సేఠ్ షరీఫ్ ఆద్మీ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

ఎందుకంటే హిసాబ్ నాకు తర్వాత తెలిసింది.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం, పని చేస్తూ, ఆ పని వల్లే దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వడం యజమాని బాధ్యత. ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదించే తాఖత్‌లో 30 శాతం పోయినట్టని చట్టం పట్టికలోనే ఉంది. నెల జీతంలో 60 శాతం, అంటే 9 వేలు. మావాడికి అప్పుడు 30 ఏళ్లు. ఆ వయసుకు చట్టం చెప్పిన సంఖ్య 207.98. ఈ రెండూ గుణించి అందులో 30 శాతం తీస్తే 5,61,546 రూపాయలు. దీని ముందు ఆ 20 వేలు ఎంత?

"ఇలాజ్ ఖర్చంతా పెట్టుకున్నాడు కదా" అంటారు మన పెద్దలు. ఇలాజ్‌కి పెట్టిన పైసలు పరిహారం కింద జమ కావు. అది వేరు, ఇది వేరు. "తప్పు మీవాడిదే" అంటాడు సేఠ్. మామూలు ఏమరపాటు పరిహారాన్ని ఆపదు. తాగి పని చేయడం, భద్రత కోసం పెట్టిన రూలును కావాలని ధిక్కరించడం, రక్షణ గార్డును కావాలని తీసేయడం, ఇలాంటివైతేనే యజమాని తప్పించుకోగలడు. ప్రాణం పోయినా, పూర్తిగా పని చేయలేని స్థితి వచ్చినా ఆ సాకులు కూడా పనికిరావు. ఇక ఆ అంగూఠా కాగితం? హక్ వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం ఈ చట్టం ముందు చెల్లదు.

"సేఠ్ కూడా మనోడే, చిన్న కార్ఖానా, ఎక్కడి నుంచి తెస్తాడు?" ఈ సవాల్‌లో నిజం లేకపోలేదు. కానీ దానికి జవాబు మజ్దూర్ వేళ్లు కాదు, బీమా. పనివాళ్ల పరిహారం కోసం బీమా కంపెనీల దగ్గర పాలసీలున్నాయి. మిషన్‌కు బీమా చేయించే సేఠ్, మిషన్ ముందు నిలబడ్డ మనిషిని ఎలా మర్చిపోతాడు? పది మంది, అంతకు మించి పనిచేసే చోట, జీతం 21 వేల లోపుంటే ఈఎస్ఐ ఉండాలి. అది ఉంటే పరిహారం అక్కడి నుంచే వస్తుంది.

మన ఇళ్లలో వెల్డింగ్, మెకానిక్, కార్పెంటర్, పెయింటింగ్, ఏసీ పనులకు పోయే పిల్లలు ఎంతమందో లెక్క లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి దగ్గరా ఉండదు. అందుకే అమ్మీలకు, ఆపాలకు ఒక గుజారిష్. దెబ్బ తగిలితే దవాఖానాలో నిజమే చెప్పించండి. "ఇంట్లో జారి పడ్డాడు" అని రాయిస్తే కేసు అక్కడే చచ్చిపోతుంది. జీతం ఫోన్లో పడిన మెసేజ్‌లు, సేఠ్ వాట్సాప్ మాటలు, షెడ్డు ఫొటోలు దాచండి. చూసిన తోటి పనివాళ్ల నంబర్లు రాసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. దరఖాస్తు ఇవ్వాల్సింది కార్మిక శాఖ ఆఫీసులో.

ఈ పాత చట్టం ఇప్పుడు సామాజిక భద్రత స్మృతిలో కలిసింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు మారింది గానీ హక్ పోలేదు.

పాత చట్టంలో గడువు రెండేళ్లు. మావాడికి అది దాటిపోయింది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. వచ్చే సోమవారం ఇద్దరం కార్మిక శాఖ ఆఫీసుకు పోతున్నాం. ఖాలా ఇంకా భయపడుతోంది, "సేఠ్ బద్దువా ఇస్తాడేమో బేటా" అని.

సబర్ మంచిదే ఖాలా. కానీ హక్ అడగొద్దని సబర్ ఎప్పుడూ చెప్పలేదు.