గాలి మీటరు నిద్రపోతే?

పొద్దున్నే ఫోన్‌లో తాండూరు గాలి నాణ్యత అంకె చూసి పిల్లల్ని ఆటకు పంపుతున్నారా? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు ఉన్న తాండూరు లేదు. దగ్గర్లో మీటరు లేని ఊళ్లకు చాలా యాప్‌లు ఉపగ్రహ సమాచారంతో అంచనా కట్టిన అంకెనే చూపిస్తాయి.

ఈ లోటు తీర్చడానికి చవక వైర్‌లెస్ సెన్సర్లు వస్తున్నాయి. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు వీటిని క్యాంపస్‌లో దగ్గర దగ్గరగా పెట్టి పరీక్షించారు. చిక్కల్లా కరెంటుతోనే. లోపలి చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. ధూళి కణాలపై పడి లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి అంకె వస్తుంది. ఫ్యాను, లేజర్, అంకెను పంపే రేడియో... మూడూ బ్యాటరీని తోడేసేవే. పైగా కొన్ని రకాల లేజర్లు ఆపకుండా వాడితే 8 వేల గంటలే, అంటే ఏడాది లోపే. అందుకే సెన్సర్‌ను పడుకోబెడతారు. పావుగంటకోసారి లేచి, కొలిచి, పంపి మళ్లీ నిద్ర.

అనంతగిరి కొండల మీద అది చాలు. గాలి మంచిదనే కదా అక్కడ క్షయ ఆసుపత్రి కట్టారు! తాండూరులో అలా కాదు. నాపరాళ్ల లారీ లేపిన దుమ్ము కాసేపట్లో సర్దుకుంటుంది. అప్పుడు సెన్సర్ నిద్రలో ఉంటే లెక్కకు రాదు. బడి గేటు దగ్గర నిలబడ్డ మీ పాప మాత్రం దాన్ని పీల్చేసి ఉంటుంది. ఇంకో సంగతి, ఈ చవక సెన్సర్లు సన్నటి కణాలను పట్టినంతగా రోడ్డు దుమ్ములోని ముతక కణాలను పట్టలేవు. మంచు ఉదయాల్లో తేమను కూడా ధూళిగా లెక్కేస్తాయి. సోలార్ పలకపై రాతిపొడి పేరుకుంటే ఛార్జింగూ తగ్గుతుంది.

కాలనీ సంఘం సెన్సర్ కొంటుంటే, ధర కంటే ముందు ఎన్ని నిమిషాలకోసారి కొలుస్తుందో అడగండి. వీలైతే ప్లగ్ పాయింట్ ఉన్నచోటే పెట్టించండి, పడుకోబెట్టే పని తగ్గుతుంది. ప్రభుత్వ మీటరు పక్కన పెట్టి సరిచూశారా అనీ అడగండి. పీఎం 2.5కు మన దేశ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థది 15. రెండూ 24 గంటల సగటులే. ఆస్తమా ఉన్న పిల్లలుంటే, కళ్ల ముందు దుమ్ము లేస్తున్నప్పుడు ఫోన్ ఆకుపచ్చగా ఉన్నా కిటికీ మూసేయండి.