బొమ్మ కిర్రుమంటే నూనె సీసా తీయకండి!

సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన బాబాయి పిల్లాడి చేతిలో ఓ పెద్ద పెట్టె పెడతాడు. లోపల వెయ్యికి పైగా ప్లాస్టిక్ ముక్కలు. గుడివాడ ఇంటి హాల్లో చాప పరుచుకుని, తిండీ నిద్రా మరిచి వారం రోజులు బిగిస్తే క్రేన్ తయారవుతుంది. తీరా హ్యాండిల్ తిప్పితే సగంలో బిగుసుకుపోతుంది. తాతయ్య ఊరుకుంటారా! రైస్‌మిల్లులో ముప్ఫై ఏళ్లు బేరింగులకు గ్రీజు పెట్టించిన చెయ్యి ఆయనది. కుట్టుమిషను సొరుగులోంచి నూనె డబ్బా తీసి నాలుగు చుక్కలు వేస్తారు. క్రేన్ గిర్రున తిరుగుతుంది కూడా. అసలు కథ కొన్నాళ్లకు మొదలవుతుంది.

డెల్టాలో యంత్రమంటే నూనె తాగాల్సిందే. గిలకలదిండి హార్బర్‌లో పడవ ఇంజినైనా, అవనిగడ్డ చేలల్లో వరికోత మిషనైనా అంతే. ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట నూనె లేకపోతే అరుగుదల, ఆపైన బందరు ఉప్పుగాలికి తుప్పు. ఆ అలవాటునే ప్లాస్టిక్ బొమ్మ దగ్గరకూ తెస్తేనే చిక్కు.

లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంట్ తీసుకున్న మెకానో తరహా సెట్లలో రేకు పట్టీలు, లోహపు చక్రాలు ఉంటాయి. వాటికి మిషను నూనె చుక్క మేలే చేస్తుంది. లెగో సంగతి వేరు. డెన్మార్క్‌లో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలతో మొదలుపెట్టిన సంస్థ అది. మన కొండపల్లి కళాకారులు తెల్లపొణికి దగ్గరే ఆగారు, ఆయన వారసులు ప్లాస్టిక్‌కు మళ్లారు. 1963 నుంచి ఇటుకలకు ఏబీఎస్ అనే ప్లాస్టిక్ వాడుతున్నారు. గేర్లు, ఇరుసులతో కదిలే టెక్నిక్ సెట్లు 1977లో వచ్చాయి. వీటి ఇరుసులు, గేర్లు చాలావరకు నైలాన్, ఎసిటాల్ జాతివి. సహజంగానే జారుడు గుణమున్న ప్లాస్టిక్‌లివి. అంటే వేయాల్సిన నూనేదో ముక్కలోనే ఉందన్నమాట!

మరి పైనుంచి పోస్తే ఏమవుతుంది? ఏబీఎస్ ముక్క బిగుతుగా, ఒత్తిడి మీద ఉన్నప్పుడు కొన్ని నూనెలు, సాల్వెంట్లు తగిలితే సన్నటి పగుళ్లు పుడతాయి. ఒక్కరోజులో కనిపించవు. కొన్నాళ్లకు ఎవరూ ముట్టుకోకుండానే ఇటుక చిట్లుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలదీ ఇదే తంతు. నూనెకు అంటిన దుమ్ము ముద్దయి గేరు పళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. కొబ్బరినూనె ఇంకో రకం. చలికాలం పొద్దుట గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. పిల్లలు క్యారమ్స్ బల్ల మీది బోరిక్ పౌడరు కూడా చల్లేస్తుంటారు. నోట్లోకి పోతే విషం, అది వద్దేవద్దు.

నిజానికి బిగుసుకోవడానికి కారణం ఎక్కువసార్లు బిగింపులోనే ఉంటుంది. ఇరుసు కదలకుండా పెట్టే చిన్న బుష్‌ను పిల్లలు బలంకొద్దీ పట్టీకి ఆనించి నొక్కేస్తారు. కాగితం మందం సందు వదిలితే చాలు, సగం జబ్బు నయం. గేర్లను ఒక్కొక్కటిగా తప్పించి, ప్రతిసారీ ఇరుసును వేలితో తిప్పి చూడండి. ఎక్కడ తేలికయితే దోషం అక్కడే. ఎదురెదురు పట్టీలు వంకరగా ఉన్నాయేమో, ఇరుసుకు తలవెంట్రుక చుట్టుకుందేమో కూడా చూడాలి. ఈ వెతుకులాట పిల్లాడి చేతే చేయించండి. నూనె చుక్క వాడికి ఇవ్వలేని పాఠం ఇందులో ఉంది.

దివిసీమ వాళ్లకు ఇంకో మాట. వలల్లో వాడే నైలాన్, ఇరుసుల్లోనిదీ ఒకే కుటుంబం. గాల్లో తేమను పీల్చుకుని రవ్వంత ఉబ్బే గుణం దానిది. వానాకాలంలో కాస్త బిరుసెక్కితే కంగారు పడక్కర్లేదు. వాడనప్పుడు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా కిర్రుమంటోందా? అప్పుడు సిలికాన్ ఆయిల్. ట్రెడ్‌మిల్ బెల్టుకు వేసేది ఇదే. సీసా మీద వంద శాతం సిలికాన్ అని ఉందో లేదో చూసుకోండి. స్ప్రేల్లో సాల్వెంట్లు కలుస్తాయి కాబట్టి సీసాదే మేలు. టూత్‌పిక్ మొనతో ఇరుసు తిరిగే చోట తాకిస్తే సరి, చుక్క కూడా ఎక్కువే. ఇటుకల బుడిపెలకు మాత్రం అంటనీయకండి, పట్టు వదిలేస్తాయి. బలం ఎక్కువైతే జారిపోయేలా చేసిన క్లచ్ గేరు పనిచేసేదే రాపిడితో, దానికి నూనె వేస్తే బరువెత్తడం మానేస్తుంది. రబ్బరు బెల్టులకు, మోటారుకు కూడా వద్దు.

ఇప్పటికే నూనె పోసేశారా? మోటారు, బ్యాటరీ పెట్టె పక్కన పెట్టి, వాటిని పొడిగుడ్డతో తుడవండి. మిగతా ముక్కలను విడదీసి, నలభై డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్లలో సబ్బు నురగతో చేత్తో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండ తగిలితే ఏబీఎస్ పసుపెక్కుతుంది. త్వరగా పోతుందని కిరోసిన్ గిన్నె ముందేసుకోవద్దు. ప్లాస్టిక్ సంగతి అటుంచి, పక్కనే చిన్నపిల్లలుంటారు. నీళ్లనుకుని తాగి ఆసుపత్రి పాలయ్యే పసివాళ్లు ఎందరో! కడిగాక ప్రతి ముక్కనూ వెలుతురుకు ఎత్తి చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా ఆ ముక్కను బరువు మోసే చోట వాడకండి.