భుజమ్మీద పిట్ట, చేతిలో స్టీరింగు

సంక్రాంతికి ఊళ్లకు బయల్దేరే కార్లలో ఈమధ్య కాకటీళ్లు, బడ్జీలు లాంటి పెంపుడు పిట్టలు కూడా కనిపిస్తున్నాయి. తీసుకెళ్లడంలో తప్పేం లేదు. తాళం వేసిన ఫ్లాట్‌లో నాలుగు రోజులు ఒంటరిగా పడి ఉండటం కన్నా అదే నయం. నా పేచీ అంతా "పాపం, కార్లో కూడా పంజరమెందుకు, వదిలేస్తే హాయిగా ఉంటుంది" అనే మాటతోనే. ప్రేమంటే ఇదేనని చెప్పుకుంటున్నారు. రీల్స్‌లో లైకులూ దీనికే.

హాయి ఎవరికి? కాకటీల్ బరువు నూరు గ్రాములకు అటూ ఇటూ. బడ్జీ అందులో సగం కూడా ఉండదు. పక్కన లారీ హారన్ కొడితే చాలు, ఉలిక్కిపడి ఎగురుతుంది. అద్దంలోంచి ఆకాశం కనిపిస్తోంది కదా, అదే దారనుకుని వెళ్లి ఢీకొంటుంది. లేదంటే పెడళ్ల కిందికి దూరుతుంది. అప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కాలా, పిట్టను చూసుకోవాలా? "రెక్కలు కత్తిరించాంలెండి" అంటారు. జామకాయల కోసం అద్దం దించినప్పుడు గాలి తోడైతే, కత్తిరించిన రెక్కలతోనూ రోడ్డు దాటిపోగలదు. తిరిగి రావడమే దాని వల్ల కాదు.

పిల్లాడికి సీటుబెల్టు పెడితే కట్టిపడేశామని ఎవరూ అనుకోరు. పిట్టకు ఆ పని చేసేది చిన్న క్యారియర్. ఇంట్లో ఉండే పెద్ద పంజరం కాదు. అందులో తక్కువ ఎత్తున ఒక్క కర్ర చాలు. ఊయలలు, గంటలు తీసేయాలి. ముందు సీటుకు ఎయిర్‌బ్యాగ్ గండం ఉంది కాబట్టి వెనక సీట్లో పెట్టి బెల్టుతో బిగించాలి. ఒక పక్క గుడ్డ కప్పితే బెదురు తగ్గుతుంది. కుదుపులకు నీళ్లు ఒలికి ఒళ్లు తడుస్తుంది గనక దారిలో కీరా ముక్కలు ఇవ్వొచ్చు. బండి ఆపినప్పుడు నీళ్లు పెట్టాలి. డ్యాష్‌బోర్డు మీది సెంటు సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పక్షుల ఊపిరితిత్తులు ఆ ఘాటును తట్టుకోలేవు.

ఇక "ఐదు నిమిషాల్లో టిఫిన్ చేసొస్తాం" అనే ధీమా ఒకటి. ఎండలో ఆపిన కారు నిమిషాల్లోనే కాగిపోతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పక్షికి చెమట పట్టదు; రెక్కలు ఎడంగా పెట్టి, ముక్కు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ప్రాణం మీదికొచ్చినట్టు.

ఇదంతా విదేశీ పిట్టల సంగతి. రామచిలుకైతే కారు దాకా రానక్కర్లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో పెంచడమే నేరం.

తీసుకెళ్లేవాళ్లు వారం ముందే క్యారియర్ తెచ్చి, తలుపు తెరిచి ఇంట్లో పెట్టండి. లోపల ఒక కొర్ర కంకి వేలాడదీయండి. దానంతటది లోపలికి వెళ్లి తినడం అలవాటయ్యాకే కారెక్కించండి.