కానుకల పట్టికలోని కుమార్తెలు

రాజుల విజయశాసనములు చదువునప్పుడు గెలిచిన కోటలెన్ని, కొల్లగొన్న ధనమెంత అనియే మనము సామాన్యముగా చూతుము. సోదరీమణులారా, ఈ మాసము మేము చెప్పబోవు శాసనమునందు మాత్రము కోటలు దాటి, ధనము దాటి, ఒక చిన్న మాటయొద్ద మా మనస్సు నిలిచిపోయినది.

క్రీస్తునకు పూర్వము 701వ సంవత్సరమున అష్షూరు రాజగు సన్హెరీబు యూదా దేశముపై దండెత్తెను. అప్పుడు యెరూషలేమును ఏలుచున్నవాడు హిజ్కియా. ఈ వృత్తాంతము బైబిలునందు రాజుల రెండవ గ్రంథమున గలదు. సన్హెరీబు తన పక్షమున వ్రాయించిన కథ కాల్చిన మట్టితో చేసిన ఆరు ముఖముల దిమ్మెపై, మేకుల వంటి గుర్తులు గల లిపిలో నున్నది. దాని యెత్తు మూరెడైన లేదు. 1830లో నీనెవె శిథిలములయొద్ద టేలరను కర్నలునకు లభించి, 1855లో లండనునందలి బ్రిటిషు మ్యూజియమునకు చేరినది.

రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదువుట మిక్కిలి రుచికరము. హిజ్కియా చెల్లించిన బంగారము 30 టాలెంటులని ఇద్దరును చెప్పుదురు. వెండి మాత్రము హీబ్రూ మూలమున 300, అష్షూరు లెక్కలో 800. ప్రాకారములు గల 46 పట్టణములను పట్టితిననియు, 2,00,150 మందిని వెడలగొట్టితిననియు రాజు చాటుకొనెను. ఈ సంఖ్య అతిశయోక్తియని పండితులు పలువురు తలంతురు. ఇంతటి గొప్పలు చెప్పుకొన్నవాడు యెరూషలేమును పట్టితినని మాత్రము ఎక్కడను చెప్పలేదు! హిజ్కియాను పంజరములోని పక్షివలె నిర్బంధించితినని ఊరకుండెను. నగరము చిక్కలేదనియే బైబిలును చెప్పుచున్నది.

ఇక మేము చెప్పిన ఆ చిన్న మాట. బంగారము, వెండి, దంతపు మంచములు, ఏనుగుతోళ్లు అని కానుకల పట్టిక సాగి సాగి, హిజ్కియా కుమార్తెలు, అంతఃపుర స్త్రీలు అని వచ్చును. వీరిని నీనెవెకు పంపెనట! బైబిలు గుడి తలుపుల బంగారమును ఒలిచి యిచ్చిన సంగతి చెప్పినది గాని ఈ కుమార్తెల ఊసెత్తలేదు. శాసనమున వారి పేర్లు లేవు. మంచముల తరువాత వచ్చు వస్తువులకు పేర్లెందుకని వ్రాయించినవాని భావము కాబోలు.

అదే దండయాత్రలో పడిపోయిన లాకీషు కోట స్త్రీలను మాత్రము మనము చూడవచ్చును. సన్హెరీబు తన నగరున చెక్కించిన రాతిపలకలను 19వ శతాబ్ది నడుమ లేయార్డు అను ఆంగ్లేయుడు త్రవ్వించి తీసెను. అవియు ఆ మ్యూజియముననే యున్నవి. మేము పటములందే చూచితిమి. గోడలను పొడుచు యంత్రములు, పైనుండి పడు దివిటీలు, యంత్రము అంటుకొనకుండ పొడవైన గరిటెతో నీరు పోయు భటుడు. కోటగుమ్మమునుండి తల మొదలు చీలమండల వరకు వ్రేలు ముసుగులతో మూటలు మోయుచు స్త్రీలు వెడలుచున్నారు. ఎద్దుబండ్లపై మూటలమీద తల్లులు, పిల్లలు. యుద్ధము ముగిసిన పిమ్మట స్త్రీల గతి యెట్టిదో స్త్రీపర్వము చదివిన మనకు క్రొత్త గాదు. కాని అది కవి కరుణ. ఇది గెలిచినవాడు గర్వముతో చెక్కించినది. అయినను ఆ శిల్పి పిల్లలను తల్లుల చెంతనే కూర్చుండబెట్టినాడు.

సింహాసనముపై నున్న రాజు ముఖమును ఎవరో తరువాత చెక్కివేసిరి. బండిలోని తల్లుల ముఖములు నిలిచియున్నవి. లండనులో బిడ్డలున్న సోదరీమణులు అచటి కేగినప్పుడు ఈ పలకలను చూచి రావలెను. ప్రవేశమునకు రుసుము లేదు.